వడ్డించేవాడి వంతు: ఆన్‌లైన్ ఆటల్లో హీలర్ కథ

ఆన్‌లైన్ ఫాంటసీ ఆటలు ఆడినవాళ్ళకి ఒక ప్రశ్న బాగా తెలుసు. "హీలర్ ఎవరైనా ఉన్నారా?" గుహ ముందు నలుగురు నిలబడి ఉంటారు. కత్తులున్నాయి, మంత్రాలున్నాయి, లోపల డ్రాగన్ కూడా ఉంది. కానీ ఐదో మనిషి దొరికితే గానీ ఎవరూ అడుగు ముందుకెయ్యరు. ఆ ఐదో మనిషి పని డ్రాగన్‌ని చంపడం కాదు, చంపేవాళ్ళు చావకుండా చూడటం.

హీలర్‌కి తెలుగులో సరిపోయే మాట లేదు. వైద్యుడు అంటే రోగం వచ్చాక మనం వెళ్ళేవాడు. ఇక్కడ దెబ్బ తగులుతుండగానే మాన్పాలి, అదీ సెకన్ల లెక్కన. మన కథల్లో దగ్గరి పోలిక కోసం వెతికితే శుక్రాచార్యుడు కనిపిస్తాడు. మృతసంజీవని విద్య ఆయన దగ్గరుంది కాబట్టి పొద్దున చచ్చిన రాక్షసులు మళ్ళీ లేచి యుద్ధానికొస్తారు. దేవతల వైపు బృహస్పతికి ఆ విద్య తెలీదు. అందుకే కొడుకు కచుణ్ణి శత్రువు ఇంటికి శిష్యుడిగా పంపాల్సొచ్చింది. యుద్ధం గెలవాలంటే విలుకాళ్ళ కంటే ముందు హీలర్ కావాలని ఆదిపర్వం ఎప్పుడో చెప్పేసింది. రామాయణంలో ఇంకో రకం మనిషి ఉన్నాడు, హనుమంతుడు. ఆయన వైద్యుడు కాడు. సముద్రం దాటాడు, దూతగా వెళ్ళాడు, లంక కాల్చాడు, యుద్ధం చేశాడు. లక్ష్మణుడు పడిపోయిన రోజున మాత్రం అవన్నీ పక్కన పెట్టి మందు కోసం కొండ మోశాడు.

ఆటల భాషలో మొదటి రకాన్ని 'ప్యూర్ హీలర్' అంటారు, రెండో రకాన్ని 'హైబ్రిడ్'. ఈ వ్యాసం ముఖ్యంగా రెండో రకం గురించి. నాలుగు పనులు వచ్చి, అందులో ఒకటి వైద్యం కూడా అయిన పాత్రల గురించి. డ్రూయిడ్, పాలడిన్, షామన్ లాంటి పేర్లతో ఇవి చాలా ఆటల్లో ఉంటాయి. ఎన్నో పనులు రావడమంటే ఏ పని చెయ్యాలో ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నట్టా, లేక ఎవరూ చెయ్యని పని వచ్చి మన నెత్తిన పడుతుందని అర్థమా? యాభై ఏళ్ళుగా ఆటలు తయారుచేసేవాళ్ళు ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నారు.

*

కథ కంప్యూటర్ కంటే ముందే మొదలైంది. 1970ల మొదట్లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు స్నేహితులతో 'బ్లాక్‌మూర్' అనే ఆట నడిపేవాడు. అందులో ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారింది, పేరు సర్ ఫాంగ్. అది రానురాను ఎవరికీ లొంగనంత బలంగా తయారైంది. దానికి విరుగుడుగా ఇంకో ఆటగాడికి పూజారి పాత్ర ఇచ్చారు. పాత హారర్ సినిమాల్లో శిలువ పట్టుకుని పిశాచాల వెంట పడే మనిషి లాంటివాడన్నమాట. 1974లో ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురించినప్పుడు ఆ పూజారి 'క్లెరిక్' అయ్యాడు. ఆ ఆటలో మొదట ఉన్న తరగతులు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మొట్టమొదటి హీలర్ పుట్టిందే హైబ్రిడ్‌గా. యోధుడిలా కవచం తొడుక్కోవచ్చు, మాంత్రికుడిలా మంత్రాలు వెయ్యొచ్చు. పదునైన ఆయుధాలు మాత్రం పట్టకూడదు, గదలాంటివే పట్టాలి. గాయాలు మాన్పే మంత్రాలు అతని జాబితాలో ఉన్నాయి కానీ, అతన్ని పుట్టించింది వాటి కోసం కాదు. పైగా 1974 నియమాల్లో మొదటి స్థాయి క్లెరిక్‌కి ఒక్క మంత్రం కూడా లేదు. అతని అసలు పని పిశాచాల్ని తరమడం.

మరి వైద్యుడెలా అయ్యాడు? దానికి కారణం 'హిట్ పాయింట్లు'. ఈ ఆలోచన ఆర్నెసన్ నౌకాయుద్ధాల ఆటల నుంచి తెచ్చుకున్నాడు. ఓడ ఒక్క గుండుకే మునిగిపోదు కదా, ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెని మనిషికి తగిలించారు. ఒంటిని అంకెగా మార్చాక, తగ్గిన అంకెని తిరిగి నింపేవాడు కూడా కావాలి. ఆ పని క్లెరిక్ ఒక్కడికే వచ్చు. దాంతో కొన్నేళ్ళకి ఆట బల్లల చుట్టూ ఒక అలవాటు స్థిరపడింది. అందరూ తమకి నచ్చిన పాత్రలు ఎంచుకున్నాక చివర్లో వచ్చినవాడిని, "నువ్వు క్లెరిక్ తీసుకో, ఎవరో ఒకరు తీసుకోవాలిగా" అనడం. పిశాచాల వేటగాడు కాస్తా పంక్తిలో వడ్డించేవాడయ్యాడు.

1976లో వచ్చిన 'ఎల్డ్రిచ్ విజార్డ్రీ' అనే అనుబంధ పుస్తకంలో ఆటగాళ్ళకి డ్రూయిడ్ తరగతి దొరికింది. అడవి పూజారి. జంతువుల రూపాల్లోకి మారగలడు, మెరుపులు పిలవగలడు, కొంత వైద్యం కూడా చెయ్యగలడు. ఇంత వైవిధ్యం ఉన్నవాడిని ఏ పెట్టెలో పెట్టాలన్న గొడవ అప్పటి నుంచే ఉంది. అది తేలింది మాత్రం ఆటలు వైర్ల మీదకి ఎక్కాకే.

*

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ మొదలుపెట్టిన 'మడ్' అనే ఆటలో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఆ వంశంలోనే కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఐదుగురు 1990-91లో 'డీకూమడ్' రాశారు. అందులో తరగతులు నాలుగు: యోధుడు, దొంగ, మాంత్రికుడు, క్లెరిక్. కాగితం మీద ఆడేటప్పుడు ఆట నడిపే మనిషి దయతలచి గాయాల లెక్క కాస్త సర్దేవాడు. యంత్రానికి ఆ దయ లేదు. అంకె సున్నా అయితే చచ్చినట్టే. అలా హీలర్ అవసరం ఇంకాస్త గట్టిపడింది.

డీకూమడ్ ఆడుతూ పెరిగినవాళ్ళే 'ఎవర్‌క్వెస్ట్' తయారుచేశారు. 1999 మార్చిలో విడుదలైంది. పోలికలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, డీకూ కోడ్ వాడలేదని ఆ జట్టు ప్రమాణపూర్వకంగా ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. విడుదలనాటికి తరగతులు పద్నాలుగు. అందులో వైద్యం వచ్చినవి ఎన్నో ఉన్నా, ఆటగాళ్ళు త్వరలోనే తేల్చేశారు: దెబ్బలు తినడానికి వారియర్, వైద్యానికి క్లెరిక్, శత్రువుల్ని నిద్రపుచ్చడానికి ఎన్‌చాంటర్. దీన్ని 'పవిత్ర త్రయం' అన్నారు. ఈ ముగ్గురు లేకుండా పెద్ద యుద్ధాలకి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాతి ఆటల్లో మూడోవాడి స్థానం దెబ్బలు కొట్టేవాడికి పోయి, త్రయం అంటే ట్యాంక్, హీలర్, డీపీఎస్ అనే అర్థం స్థిరపడింది.

ఎవర్‌క్వెస్ట్ క్లెరిక్ జీవితం ఎలా ఉండేదో చెప్పుకుంటే గానీ ఆ రోజుల హీలర్ అర్థం కాడు. 39వ స్థాయిలో అతనికి 'కంప్లీట్ హీల్' అనే మంత్రం వస్తుంది. పూర్తి కావడానికి పది సెకన్లు పడుతుంది. డ్రాగన్ ముందు నిలబడ్డ వారియర్ పది సెకన్లు బతకడు. అందుకని క్లెరిక్‌లందరూ వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు కొన్ని సెకన్ల ఎడంతో మంత్రం మొదలుపెడతారు. ఒకరిది పడే వేళకి ఇంకొకరిది సగంలో ఉంటుంది. ఈ గొలుసు ఆగకుండా నడవాలి. ఒక్కరు తడబడితే వారియర్ పోతాడు, ఆ వెంటనే అందరూ పోతారు. మంత్రాలకి మధ్య కూర్చుని ధ్యానం చేస్తేనే మంత్రశక్తి, అంటే 'మానా', తిరిగి నిండుతుంది. మొదటి రోజుల్లో అలా కూర్చున్నప్పుడు మంత్రాల పుస్తకం తెరుచుకుని తెర మీద ప్రపంచాన్ని కప్పేసేది. 35వ స్థాయి దాటేదాకా ఈ బాధ తప్పేది కాదు. పక్కన యుద్ధం జరుగుతుంటే పుస్తకం ముందు కూర్చున్నవాడు చప్పుళ్ళు వినాల్సిందే.

దీనికి ప్రతిఫలం లేకపోలేదు. ఎవర్‌క్వెస్ట్‌లో చస్తే సంపాదించిన అనుభవం పోతుంది, సామానంతా శవం దగ్గరే ఉండిపోతుంది. క్లెరిక్ బతికిస్తే పోయిన అనుభవంలో చాలా భాగం తిరిగొస్తుంది. అందుకని ఎక్కడో చచ్చిపడినవాళ్ళు క్లెరిక్‌ని బతిమాలుకునేవాళ్ళు. శుక్రాచార్యుడికి దొరికినంత మర్యాద దొరికేది.

అదే ఆటలో డ్రూయిడ్ పరిస్థితి వేరు. అతనికీ వైద్యం వచ్చు, కానీ కంప్లీట్ హీల్ లేదు. కాబట్టి పెద్ద యుద్ధాల్లో రెండో వరస. కానీ బయట అతనే రాజు. వేగంగా పరిగెత్తించే మంత్రం, ఖండాలు దాటించే మంత్రం, శత్రువుని దూరంగా ఉంచుతూ ఒంటరిగా చంపే ఉపాయాలు అన్నీ ఉన్నాయి. ఊళ్ళ మధ్య జనాన్ని చేరవేసి ఆటో డ్రైవర్‌లా డబ్బు తీసుకున్న డ్రూయిడ్‌లూ ఉన్నారు. క్లెరిక్‌కి గుంపులో గౌరవం ఉంది, ఒంటరిగా బతుకు లేదు. డ్రూయిడ్‌కి ఒంటరిగా బతుకుంది, గుంపులో గౌరవం తక్కువ. హైబ్రిడ్ హీలర్ చరిత్ర మొత్తం ఈ రెండింటి మధ్య బేరమే.

*

2004 నవంబర్ 23న 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వచ్చింది. తొమ్మిది తరగతులు. వైద్యం వచ్చినవి నాలుగు: ప్రీస్ట్, పాలడిన్, షామన్, డ్రూయిడ్. పాలడిన్ ఒక పక్షానికే, షామన్ ఎదుటి పక్షానికే ఉండేవి. డ్రూయిడ్ రెండు పక్షాల్లోనూ ఉన్నాడు. ఎలుగుబంటి రూపంలో దెబ్బలు కాస్తాడు, చిరుత రూపంలో పంజా విసురుతాడు, నీళ్ళలో ఈదే రూపం ఒకటి, పరుగుకి ఒకటి, మామూలు రూపంలో మంత్రాలు, వైద్యం. కాగితం మీద చూస్తే ఇంతకంటే స్వేచ్ఛ ఉన్న పాత్ర లేదు. పదో స్థాయి నుంచి అరవై దాకా ఒంటరిగా తిరుగుతున్నంత కాలం అది నిజమే.

అరవైకి చేరాక నలభై మంది కలిసి వెళ్ళే 'రెయిడ్'లు మొదలవుతాయి. అక్కడ రెయిడ్ నాయకుడు ఎలుగుబంటిని అడగడు, చిరుతని అడగడు. "డ్రూయిడ్‌వా? అయితే హీలింగ్." డిజైనర్ల వాదనకి కూడా ఒక తర్కముంది. అన్నీ చేసేవాడు ప్రతి పనిలోనూ నిపుణుడితో సమానమైతే నిపుణుడెందుకు? కాబట్టి హైబ్రిడ్ ప్రతి దాంట్లో కొంచెం తక్కువే ఉండాలి. ఆటగాళ్ళు దీనికి 'హైబ్రిడ్ పన్ను' అని పేరు పెట్టుకున్నారు. నలభై మందిలో కొట్టేవాళ్ళకి కొదవ లేదు, కొరతంతా వైద్యానికే. అలాంటప్పుడు కొంచెం తక్కువ కొట్టే చిరుత ఎవరికి కావాలి? ఆట కూడా ఇదే మాట చెప్పింది. రెయిడ్‌లలో డ్రూయిడ్ కోసం దొరికే 'స్టార్మ్‌రేజ్' కవచాల సెట్ వైద్యానికి తయారుచేసినదే. ఎలుగుబంటిగా ఉండాలనుకున్నవాడు ఊరంతా తిరిగి ఎవరికీ అక్కర్లేని తోలు ముక్కలు ఏరుకోవాల్సి వచ్చేది.

వైద్యుల్లో కూడా డ్రూయిడ్ స్థానం చిత్రమైనది. యుద్ధం మధ్యలో చచ్చినవాడిని లేపే మంత్రం అతని దగ్గరే ఉంది, కానీ అరగంటకి ఒక్కసారి. యుద్ధం ముగిశాక తీరిగ్గా లేపే మామూలు మంత్రం, మిగతా ముగ్గురు హీలర్లకీ ఉన్నది, అతనికి 2008 దాకా లేదు. మానాని వేగంగా నింపే 'ఇన్నర్వేట్' అతని దగ్గరుంది. అది చాలా గిల్డ్‌లలో తన మీద వేసుకోవడానికి వీల్లేదు, ఫలానా ప్రీస్ట్‌కి అని ముందే రాసిపెట్టి ఉండేది.

ఇంత అన్యాయమైతే జనం హీలర్‌గా ఎందుకు ఉండిపోయారు? దీనికి జవాబు ఆ పని లోపలే ఉంది. ఆ రోజుల్లో మంత్రం వేసిన ఐదు సెకన్ల దాకా మానా సహజంగా నిండేది కాదు. కాబట్టి నైపుణ్యమంటే ఎప్పుడు మంత్రం వెయ్యకూడదో తెలియడం. పెద్ద మంత్రం వేస్తే సగం వృథా, అందుకని కావాలనే పాత, చిన్న ర్యాంకు మంత్రాలు వాడేవాళ్ళు. ఏ దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే పసిగట్టి రెండు సెకన్ల ముందు మొదలుపెట్టడం, ఇంకా తగలని గాయానికి మందు వెయ్యడం లాంటివి ఒకసారి పట్టుబడితే వదలవు. హైదరాబాద్ నుంచి ఆడేవాళ్ళకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. వార్‌క్రాఫ్ట్‌కి ఇండియాలో సర్వర్ లేదు. దూరపు సర్వర్లో ఆడుతూ ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి.

కానీ మూల్యం కళ్ళకే తెలుస్తుంది. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడు విస్తళ్ళు చూస్తాడు, పెళ్ళిని కాదు. ఎవరి ఆకులో కూర అయిపోయింది, ఎవరికి పెరుగు రాలేదు, అవే కనపడతాయి. హీలర్ కూడా అంతే. వందమంది కళాకారులు గీసిన డ్రాగన్ తెర మీద నిప్పులు కక్కుతుంటే, అతను మూలన ఉన్న నలభై ఆకుపచ్చ గీతల్ని చూస్తుంటాడు. ఏ గీత తగ్గితే ఆ గీత మీద నొక్కాలి. ఎంతోమంది హీలర్లు ఒక డ్రాగన్‌ని పదిసార్లు చంపి కూడా దాని మొహం సరిగ్గా చూడలేదని నవ్వుతూ చెప్పుకుంటారు.

*

2005 సెప్టెంబర్ 13న జరిగిన సంగతి ఈ చరిత్రలో పక్కదారి కాదు, నడిబొడ్డు. 'జుల్‌గురుబ్' అనే కొత్త రెయిడ్‌లో హక్కర్ అనే సర్పదేవుడు 'కరప్టెడ్ బ్లడ్' అనే శాపం పెడతాడు. ఒంట్లో రక్తం విషమై ఆరోగ్యం కరిగిపోతుంది, దగ్గరగా ఉన్నవాళ్ళకి అంటుకుంటుంది. అది ఆ గుడి దాటి రాకూడదు. కానీ వేటగాళ్ళ పెంపుడు జంతువులకి అంటి, వాటిని లోపలికి పంపేసి ఊళ్ళో మళ్ళీ పిలిచినప్పుడు రోగం కూడా బయటికొచ్చింది. రాజధానుల వీధుల నిండా శవాలు. కంప్యూటర్ నడిపే దుకాణదారులు చావరు కానీ రోగాన్ని మోస్తారు.

అప్పుడు రకరకాల మనుషులు బయటపడ్డారు. కొందరు పారిపోయారు. కొందరు కావాలనే అంటించారు. హీలర్లు కొందరు ఎవరూ పిలవకుండానే ఊళ్ళోకి వచ్చి ముక్కూమొహం తెలీనివాళ్ళకి వైద్యం చేశారు. 2007లో ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ దీని మీద 'ద లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్' పత్రికలో రాశారు. అంటువ్యాధుల నమూనాల్లో సాధారణంగా దొరకని మనిషి ప్రవర్తన ఇక్కడ కనిపించిందన్నది వాళ్ళ ఆసక్తి. ఇందులో చేదు కూడా ఉంది. హీలర్ గీతని నింపగలడు గానీ రోగాన్ని తియ్యలేడు. బతికినవాడు ఇంకొకరికి అంటించడానికి మిగులుతాడు. చివరికి కంపెనీ సర్వర్లని మళ్ళీ మొదటి స్థితికి తెచ్చి అదుపు చేసింది. 2020 తర్వాత ఈ కథ చదివిన ఎవరికైనా అది ఆటలా అనిపించదు.

ఆ హీలర్లకి ఆ రోజు బహుమతి ఏమీ లేదు, రెయిడ్ నాయకుడు ఆజ్ఞాపించలేదు. "హీలింగ్ ఎవరికీ ఇష్టముండదు, బలవంతం మీదే చేస్తారు" అనే వాదన చేసేవాళ్ళు ఈ సంఘటనకి జవాబు చెప్పుకోవాలి.

ఇంకో వాదన కూడా ఉంది: అది ఆడవాళ్ళు ఇష్టపడే పని అని. ఆటల లోకంలో ఇది చాలామంది గట్టిగా నమ్మిన విషయం. 2011లో నిక్ యీ, ఆయన సహచరులు వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ళ అసలు ఆటతీరుని లెక్కలతో పోల్చి చూశారు. ఆడే మనిషి ఆడా మగా అన్నదాన్ని బట్టి వైద్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా వచ్చింది పాత్ర బొమ్మని బట్టి. మగవాళ్ళు ఆడ పాత్రతో ఆడినప్పుడు ఎక్కువ వైద్యం చేశారు, ఆడవాళ్ళు మగ పాత్రతో ఆడినప్పుడు తక్కువ చేశారు. అంటే చీర కట్టిన బొమ్మ చేతికి గరిటె ఇవ్వాలన్న ఊహ మనిషి స్వభావం నుంచి వచ్చింది కాదు, ఆ బొమ్మతో పాటు మనం మోసుకెళ్ళింది.

*

మిగతా చరిత్ర అంతా డిజైనర్లు ఈ కొరతని ఎలా తీర్చాలని చూశారన్నదే.

మొదటి దారి, వైద్యాన్ని ఒక రూపంగా బిగించేయడం. 2007 జనవరిలో వచ్చిన 'ద బర్నింగ్ క్రూసేడ్' కాలంలో వైద్యం ఎంచుకున్న డ్రూయిడ్‌కి 'ట్రీ ఆఫ్ లైఫ్' రూపం ఇచ్చారు. చెట్టు. మానా ఖర్చు తగ్గుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళకి మేలు జరుగుతుంది. కానీ నడక నెమ్మదిస్తుంది, కొన్ని మంత్రాలు కుదరవు. పరుగెత్తే, ఈదే, పంజా విసిరే పాత్ర చివరికి వేళ్ళూనుకున్న చెట్టయింది. ఇంతకంటే సూటి ప్రతీక ఏ రచయితా రాయలేడు. అయినా ఆ చెట్టుని ప్రేమించినవాళ్ళు చాలామంది. 2010లో దాన్ని కాసేపు మాత్రమే ఉండే రూపంగా మార్చినప్పుడు గోల చేశారు.

రెండో దారి, గోడలు తగ్గించడం. 2009 ఏప్రిల్‌లో ఒకే పాత్ర రెండు నైపుణ్యాల మధ్య మారే సౌకర్యం ఇచ్చారు. అంతకుముందు మారాలంటే ప్రతిసారీ బంగారం కట్టి అంతా మొదటి నుంచి అమర్చుకోవాలి. ఇప్పుడు రాత్రి రెయిడ్‌లో హీలర్, పగలు చిరుత. హైబ్రిడ్‌కి ఇది నిజమైన విడుదల.

మూడో దారి, కూలి ఇవ్వడం. 2009 డిసెంబర్‌లో ముక్కూమొహం తెలీని ఐదుగురిని యంత్రమే జతచేసే పద్ధతి వచ్చింది. దాంతో కొరత అందరికీ నిమిషాల్లో కనిపించింది. కొట్టేవాళ్ళు చాలాసేపు క్యూలో నిలబడాలి, ట్యాంక్‌కి, హీలర్‌కి త్వరగా పిలుపొస్తుంది. 2011లో కొరతగా ఉన్న పాత్రకి ముందుకొచ్చినవాళ్ళకి అదనపు బహుమతుల సంచి ఇవ్వడం మొదలుపెట్టారు. సేవకి ధర కట్టారన్నమాట.

నాలుగో దారి, వైద్యాన్ని దెబ్బలోనే కలిపెయ్యడం. శత్రువుని కొడితే స్నేహితుడి గాయం మానే 'అటోన్‌మెంట్' పద్ధతి ప్రీస్ట్‌కి 2010లో వచ్చింది. 2012లో వచ్చిన మాంక్ తరగతిలో పిడిగుద్దులతో వైద్యం చేసే తీరు ఉంది. వడ్డించేవాడి మొహం మళ్ళీ పెళ్ళి వైపు తిప్పే ప్రయత్నం ఇది. గీతలు కాదు, డ్రాగన్‌ని చూడమంటుంది.

ఐదో దారి అన్నిటికంటే సాహసం: హీలర్‌ని తీసెయ్యడం. 2012 ఆగస్టులో 'గిల్డ్ వార్స్ 2' ఆ పని చేసింది. ప్రతి పాత్రకీ తన గాయం తానే మాన్పుకునే నైపుణ్యం ఒకటి తప్పనిసరి. పడిపోయినవాడిని ఎవరైనా వెళ్ళి లేపొచ్చు. "హీలర్ ఎవరైనా ఉన్నారా" అని అరుస్తూ కూర్చోనక్కర్లేదు. ఆలోచన ఉదారమైనది. వైద్యం ఒక కులవృత్తిలా ఎందుకుండాలి, అందరి పనీ కావాలి అని. కానీ జరిగిందేంటంటే, అందరి పని ఎవరి పనీ కాలేదు. దెబ్బలు తప్పించుకుంటూ ఎవరికి వారు గట్టిగా కొట్టడమే మేలైన పద్ధతిగా స్థిరపడింది. 2015లో 'హార్ట్ ఆఫ్ థార్న్స్' విస్తరణతో ఆ ఆటకి పదిమంది ఆడే రెయిడ్‌లు వచ్చాయి. వాటితో పాటు రేంజర్‌కి ఒక కొత్త శాఖ వచ్చింది, ప్రధానంగా వైద్యం చేసేది. దానికి పెట్టిన పేరు డ్రూయిడ్. వీధి తలుపు మూస్తే పెరటి తలుపులోంచి అడవి పూజారి తిరిగొచ్చాడు.

*

ఇప్పటి గొడవ తలకిందులైనది. 'ఫైనల్ ఫాంటసీ 14'లో హీలర్లకి ఇబ్బంది పని ఎక్కువై కాదు, తక్కువై. ట్యాంక్‌లు తమ గాయాలు తామే మాన్పుకుంటున్నారు, కొట్టేవాళ్ళ దగ్గర కూడా వైద్యం ఉంది. దాంతో హీలర్ మామూలు యుద్ధాల్లో చాలాసేపు ఒకే దాడి మంత్రాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ గడపాలి. 2024 జూన్‌లో, 'డాన్‌ట్రైల్' విస్తరణ విడుదల ముందు, కొందరు హీలర్లు సమ్మె అని ప్రకటించారు. ఆట ఆగిపోలేదు. చాలామంది నవ్వారు కూడా. కానీ వాళ్ళు అడిగింది గమనించండి. జీతం పెంచమని కాదు, ఈ పని తీసెయ్యమనీ కాదు. మా పని మాకు ఇవ్వండి, మేం లేకపోతే తేడా తెలిసేలా ఆట ఉండాలి అని.

ఎవర్‌క్వెస్ట్ క్లెరిక్‌కి సరిగ్గా అదే ఉండేది, అతను లేకపోతే ప్రపంచం ఆగేది. దానికి బదులు అతనికి వేరే ఏ బతుకూ లేకుండా పోయింది. డ్రూయిడ్‌కి అన్ని బతుకులూ ఇచ్చారు, గుంపులోకి వచ్చేసరికి ఒక్కటే మిగిల్చారు. చేసే పని అవసరమైనదై ఉండాలి, దాన్ని మనమే ఎంచుకుని ఉండాలి. ఈ రెండూ ఒకచోట కుదిరిన రోజులు ఈ చరిత్రలో తక్కువే. ఇళ్ళలో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఎవరు ఎవరిని చూసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కూడా మనం ఈ ఐదు దారుల్లోనే తిరుగుతుంటాం: బిగించేయడం, గోడలు తగ్గించడం, కూలి ఇవ్వడం, కలిపెయ్యడం, అసలు అవసరమే లేదనుకోవడం. ఆటల్లో ఒక సౌకర్యముంది, ఏ దారిలో ఏం జరిగిందో తేదీలతో సహా రాసిపెట్టి ఉంది.

2012లో వార్‌క్రాఫ్ట్ డ్రూయిడ్‌కి నాలుగు శాఖలు ఇచ్చారు, ఎలుగుబంటినీ చిరుతనీ విడదీసి. మిగతా ఏ తరగతికీ అప్పుడు నాలుగు లేవు. క్యూలో చేరేటప్పుడు తెర మీద మూడు గళ్ళు కనిపిస్తాయి: ట్యాంక్, హీలర్, డీపీఎస్. మూడింట్లోనూ టిక్ పెట్టగల హక్కు డ్రూయిడ్‌కి ఉంది. అలా పెట్టిన డ్రూయిడ్‌కి యంత్రం ఆ నిమిషానికి ఏది కొరతగా ఉందో దాన్నిస్తుంది. అంటే ఎక్కువసార్లు డీపీఎస్ మాత్రం రాదు. చిరుతగానే ఆడాలనుకున్నవాడు మిగతా రెండు గళ్ళూ ఖాళీగా వదిలి, అందరితో పాటు పొడుగాటి వరసలో నిలబడాలి. చాలామంది నిలబడతారు. కొందరు ఎవరూ అడక్కుండానే వెళ్ళి మధ్య గడి నొక్కి వస్తారు.